లారీ డ్రైవర్ జీతం: బండి ఆగిన రోజు ఎవరి ఖాతాలో పడుతుంది?

హైదరాబాద్‌లో హెవీ లైసెన్స్ ఉన్న డ్రైవర్ కోసం వెతుకులాట ఏడాది పొడవునా ఉంటుంది. ఆటోనగర్ షెడ్ల గోడల మీద, బోయిన్‌పల్లి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల ముందు, డ్రైవర్ల వాట్సాప్ గ్రూపుల్లో "డ్రైవర్లు కావలెను" అని ఉంటుంది, కింద ఒక అంకె ఉంటుంది. ఒకచోట 22 వేలు, ఇంకోచోట 30 వేలు, మరోచోట ట్రిప్పుకు ఇంత అని. చూడగానే 30 వేల పనే మేలనిపిస్తుంది. ఆరు నెలలు తిరిగాక 22 వేల పనే నయమని తేలడం ఈ లైన్‌లో కొత్తేం కాదు.

2025 చివర్లో ఈ పోలిక మరింత చిక్కుపడింది. సెప్టెంబర్‌లో ఆర్టీసీలో వెయ్యి డ్రైవర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. దీంతో ఏ కంపెనీలో చేరితే ఎంత మిగులుతుంది, ఏయే సౌకర్యాలు వస్తాయి అన్న ప్రశ్నకు రకరకాల జవాబులు తిరుగుతున్నాయి.

క్లుప్తంగా

ప్రకటనలో కనిపించే జీతం కన్నా, ఆ జీతాన్ని ఏ లెక్కన కడతారన్నది ముఖ్యం. కంపెనీకీ కంపెనీకీ అసలు తేడా బండి ఆగిన రోజున బయటపడుతుంది. లోడు లేకపోయినా, అన్‌లోడింగ్ ఆలస్యమైనా ఆ రోజు నష్టం కొన్నిచోట్ల యజమాని భరిస్తాడు, ఎక్కువ చోట్ల డ్రైవర్ భరిస్తాడు. పీఎఫ్, ఈఎస్ఐ, బీమా కూడా ఇదే ప్రశ్నకు ఇంకో రూపం: మనిషే ఆగిపోతే ఎవరు భరిస్తారు? కొత్త కోడ్‌లు పెద్ద కంపెనీల్లో డ్రైవర్‌కు కొంత మేలు చేస్తాయి. చిన్న ఓనర్ల దగ్గర చేసేవాళ్లలో కొందరిని మాత్రం పాత రక్షణ నుంచి కూడా బయటికి తోస్తాయి.

ఒకే 30 వేలు, వేర్వేరు లెక్కలు

లారీ డ్రైవర్‌కు డబ్బు కట్టే పద్ధతులు స్థూలంగా నాలుగు. నెల జీతం, దాని మీద బత్తా (లైన్ మీద ఉన్న రోజుకు ఇచ్చే ఖర్చు డబ్బు) ఒకటి. ట్రిప్పు లెక్క ఇంకొకటి. కిరాయిలో వాటా మూడోది. కిలోమీటరుకు ఇంత అని కట్టడం నాలుగోది. మొదటి రెండూ హైదరాబాద్‌లో ఎక్కువ. వాటా పద్ధతి ఒకటి రెండు బండ్లున్న ఓనర్ల దగ్గర, ముఖ్యంగా ఓనర్‌కూ డ్రైవర్‌కూ పాత పరిచయం ఉన్నచోట నడుస్తుంది. కిలోమీటర్ లెక్క కంటెయినర్లు నడిపే కంపెనీల్లో, ఎక్స్‌ప్రెస్ పార్సిల్ లైన్లలో కనిపిస్తుంది.

మాట వరసకు ఇద్దరు డ్రైవర్లను తీసుకుందాం. మొదటి డ్రైవర్‌కు నెలకు 18,000 జీతం, లైన్ మీద ఉన్న రోజుకు 500 బత్తా. రెండో డ్రైవర్‌కు జీతం లేదు, చెన్నై వెళ్లొస్తే ట్రిప్పుకు 5,000. లోడ్లు బాగా ఉన్న నెలలో మొదటివాడు 24 రోజులు లైన్ మీద ఉంటాడు: 18,000కు 12,000 కలిపితే 30,000. రెండోవాడు ఆరు ట్రిప్పులు కొడతాడు, అతనిదీ 30,000. ఆ నెల చూస్తే ఇద్దరూ సమానమే. వానలు పడి సిమెంటు లోడ్లు తగ్గిన నెలలో మొదటివాడు 12 రోజులే తిరిగాడనుకుంటే 24,000 వస్తుంది. రెండోవాడు మూడు ట్రిప్పులతో 15,000 దగ్గర ఆగుతాడు. ఇద్దరి దగ్గరా అదే లైసెన్స్, ఇద్దరిదీ అదే రోడ్డు. ఒక్క నెలలో తేడా 9,000.

ఇది చూసి ట్రిప్పు లెక్క అంటేనే మోసమనుకుంటే అదీ సరికాదు. లోడ్లు ఆగకుండా దొరికే లైన్‌లో చురుగ్గా నడిపే డ్రైవర్ ట్రిప్పుల మీదే ఎక్కువ సంపాదిస్తాడు. అందుకే కుర్ర డ్రైవర్లు చాలామంది ట్రిప్పు పనికే మొగ్గుతారు. అయితే ఎక్కువ ట్రిప్పులంటే తక్కువ నిద్ర. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో విడుదల చేసిన అధ్యయనంలో లారీ డ్రైవర్లు సగటున రోజుకు దాదాపు 12 గంటలు బండి నడుపుతున్నట్టు తేలింది. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం 1961లోనే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితి పెట్టింది. దూరపు రూట్లలో రోజుకు 10, వారానికి 54 గంటల దాకా సడలింపు ఇచ్చింది. ఆ పైన చేస్తే రెట్టింపు రేటున ఓవర్‌టైమ్ కట్టాలి. ట్రిప్పు లెక్కలో గంటలే రాయరు కాబట్టి ఓవర్‌టైమ్ మాటే రాదు. విచిత్రం ఏంటంటే, బండిలో జీపీఎస్ ఉంటే డ్రైవర్ ఎన్ని గంటలు నడిపాడో నిమిషాలతో సహా ఆఫీసులో కనిపిస్తూనే ఉంటుంది. ఆ లెక్క డీజిల్ దొంగతనం పట్టుకోవడానికి పనికొస్తుంది, ఓవర్‌టైమ్ కట్టడానికి మాత్రం కాదు.

ట్రిప్ షీటు మీద కోతలు

ప్రకటనలో రాని అసలు లెక్క ట్రిప్ షీటులో ఉంటుంది. బండి తిరిగొచ్చాక డ్రైవర్ అకౌంటెంట్ బల్ల ముందు కూర్చుని మడతలు పడిన కాగితాలు ఒక్కొక్కటే తీసి పెడతాడు: డీజిల్ బిల్లులు, కాంటా చీటీ, హమాలీ కూలి, పంక్చర్ బిల్లు. టోల్ ఇప్పుడు ఫాస్టాగ్‌లోంచి పోతుంది కాబట్టి దాని మీద పేచీ తగ్గింది. బిల్లు లేని ఖర్చులే మిగిలాయి. చెక్‌పోస్టు దగ్గర ఇచ్చిన మామూలుకు రసీదు ఉండదు. కొన్ని కంపెనీలు దీనికి ట్రిప్పుకు ఇంత అని కట్టేసి ఊరుకుంటాయి, అంతకన్నా ఎక్కువైతే డ్రైవర్ జేబులోంచే.

అన్నిటికన్నా పెద్ద కోత మైలేజీది. హైదరాబాద్ నుంచి చెన్నైకి సుమారు 630 కిలోమీటర్లు. లోడు బండికి లీటరుకు మూడున్నర కిలోమీటర్లు రావాలని కంపెనీ టార్గెట్ పెట్టిందనుకుందాం. అంటే 180 లీటర్లు. డ్రైవర్‌కు 3.2 వస్తే 197 లీటర్లు తాగుతుంది. తేడా 17 లీటర్లు. లీటరు 95 రూపాయలనుకుంటే 1,615 రూపాయలు. ఒక వైపు ప్రయాణంలోనే ఇంత తేడా వస్తే, 5,000 ట్రిప్పు డబ్బులో మూడో వంతు దాకా ఎగిరిపోతుంది. టార్గెట్ కన్నా ఎక్కువ మైలేజీ తెస్తే బోనస్ ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. అలాంటిచోట ఇదే లెక్క డ్రైవర్‌కు కలిసొస్తుంది.

మైలేజీ డ్రైవర్ కాలి కింద ఉన్న మాట నిజమే, కానీ మొత్తంగా కాదు. ఇంజెక్టర్ సరిగా లేకపోయినా, టైర్లు అరిగినా, ఘాట్ ఎక్కినా, టోల్‌గేట్ దగ్గర అరగంట ఇంజన్ ఆన్‌లో ఉన్నా మైలేజీ పడిపోతుంది. సర్వీసింగ్ ఖర్చు యజమాని చేతిలో ఉంటుంది, కోత డ్రైవర్ ఖాతాలో పడుతుంది. రెండు కంపెనీల జీతాలు పోల్చేటప్పుడు టార్గెట్ ఎంత, పాత బండికీ కొత్త బండికీ అదే టార్గెట్టా అన్నది అడగకపోతే పోలిక సగమే అయినట్టు.

సరుకు తరుగు, డ్యామేజీ కోత ఇంకొకటి. సిమెంటు బస్తా చిరిగినా, పార్సిల్ తడిసినా ఎవరిది బాధ్యత అన్నది కంపెనీని బట్టి మారుతుంది. పట్టా (సరుకు మీద కప్పే టార్పాలిన్) సరిగా కట్టలేదని తేలితే డ్రైవర్ మీదికే వస్తుంది.

ఆగిన గంటలు ఎక్కడ పుడతాయి

హైదరాబాద్‌లో పగటిపూట భారీ లారీలకు నగరంలోకి రానివ్వని ఆంక్షలున్నాయి. పొద్దున్నే విజయవాడ హైవే మీదుగా వచ్చిన బండి రాత్రి దాకా ఊరి బయటే ఆగాలి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక నగరం దాటిపోయే బండ్లకు ఈ బాధ తప్పింది. లోపలికి రావాల్సిన వాటికి తప్పలేదు. ఈ అవసరం చూసే నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ పరిధిలో మంగళ్‌పల్లి, బాటసింగారం దగ్గర లాజిస్టిక్ పార్కులు వచ్చాయి. గోదాములతో పాటు లారీల పార్కింగ్ కూడా వాటి ఉద్దేశాల్లో ఒకటి.

గోదాము గేటు ముందు వరసలో ఉన్న లారీని దగ్గర్నుంచి చూస్తే సంగతి తెలుస్తుంది. టైర్ల మధ్య నీడలో చిన్న స్టవ్ మీద అన్నం ఉడుకుతుంటుంది. ముందు అద్దం మీద తడి తువ్వాలు ఆరుతుంటుంది. డ్రైవర్ ఫోన్‌లో "ఇంకా నాలుగు బండ్లు ఉన్నాయి ముందు" అని చెబుతుంటాడు. నెల జీతం డ్రైవర్‌కు ఆ పూట కూడా జీతంలో భాగమే. హాల్టింగ్‌కు బత్తా ఇస్తే తిండికీ వస్తుంది. ట్రిప్పు డ్రైవర్‌కు అది వట్టి ఖర్చు.

ఆలస్యం చేసిన సరుకు యజమాని నుంచి ట్రాన్స్‌పోర్టర్లు హాల్టింగ్ చార్జీ వసూలు చేసే పద్ధతి ఉంది. అది బిల్లులో పడుతుంది, చాలాసార్లు బేరంలో సగమవుతుంది, వస్తే నెలల తర్వాత వస్తుంది. అందులో డ్రైవర్‌కు వాటా ఉందా లేదా అన్నది కంపెనీల మధ్య పెద్ద తేడా. జీతం గురించి మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు.

బోర్డు ఒకరిది, జీతం ఇంకొకరిది

కంపెనీలను పోల్చే ముందు ఏ కంపెనీ అన్నదే తేల్చుకోవాలి. బండి మీద రంగులు ఒక సంస్థవి, జీతం ఇచ్చేది మరొకరు కావడం సర్వసాధారణం. 1976లో మొదలై హుబ్బళ్లి కేంద్రంగా నడిచే సరుకు రవాణా సంస్థ వీఆర్‌ఎల్ సొంత బండ్లు ఎక్కువగా పెట్టుకుని నడిపే పద్ధతికి పేరుపడింది. 1989లో హైదరాబాద్‌లో మొదలైన గతి లాంటి ఎక్స్‌ప్రెస్ సంస్థలు బయటి బండ్ల మీద ఎక్కువగా ఆధారపడే దారిలో నడిచాయి. ఏది మంచిదన్నది వేరే చర్చ. డ్రైవర్ కోణంలో తేడా స్పష్టం. సొంత బండ్లున్న చోట డ్రైవర్ పేరు కంపెనీ పేరోల్‌లో ఉంటుంది. అద్దె బండ్లున్న చోట బండి ఓనరే అతని యజమాని. పెద్ద సంస్థ లోగో ఉన్న లారీ నడుపుతూ, ఆ సంస్థలో తన పేరే లేని డ్రైవర్లు ఎందరో.

చర్లపల్లి చమురు డిపోల్లోంచి వచ్చే ట్యాంకర్లదీ ఇదే కథ. చాలా ట్యాంకర్లు ఆయిల్ కంపెనీలతో కాంట్రాక్టు కుదుర్చుకున్న ట్రాన్స్‌పోర్టర్లవి. ప్రమాదకర సరుకు నడపాలంటే డ్రైవర్ ప్రత్యేక శిక్షణ తీసుకోవాలి, లైసెన్స్ మీద దానికి ఎండార్స్‌మెంట్ ఉండాలి. నైపుణ్యం ఎక్కువ కాబట్టి ఈ పనిలో జీతం కొంత నిలకడగా ఉంటుంది. దూరాలు తక్కువ, బండి రాత్రికి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. బత్తా తక్కువైనా ఇంటిపట్టున ఉండొచ్చని వయసు పైబడినవాళ్లు ఈ వైపు చూస్తారు.

రెడీమిక్స్ వాహనాలు, టిప్పర్లు నగరం చుట్టుపక్కలే తిరుగుతాయి. వాటిది ట్రిప్పుల మీద నడిచే లోకం, రియల్ ఎస్టేట్ మందగిస్తే ముందు దెబ్బ తగిలేది వీళ్లకే. చిన్న ఆటో ట్రాలీలు, మినీ ట్రక్కులు యాప్‌ల మీదికి వెళ్లాయి. అక్కడ డ్రైవరే ఓనర్. వచ్చిన డబ్బులోంచి ఈఎంఐ, డీజిల్, కమీషన్ పోగా మిగిలేదే జీతం. యాప్ చూపించే మొత్తాన్ని లారీ డ్రైవర్ జీతంతో పోల్చడం ఒక పొరపాటు.

ఆగిన రోజుల సమస్యను వేరే దారిలో తీర్చాలని ఒక ప్రయత్నం జరిగింది. 2014లో మొదలైన రివిగో సంస్థ రిలే పద్ధతి పెట్టింది: ఒక డ్రైవర్ నాలుగైదు గంటలు నడిపి బండిని తర్వాతి డ్రైవర్‌కు అప్పగిస్తాడు, ఇంకో బండి తీసుకుని అదే రోజు వెనక్కి వస్తాడు. డ్రైవర్ ఇంట్లో పడుకుంటాడు, బండి ఆగదు. కాగితం మీద ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. రెండు వైపులా సరుకు సమానంగా, ఎడతెగకుండా ఉంటేనే ఇది గిట్టుబాటవుతుంది. వెళ్లేటప్పుడు నిండుగా, వచ్చేటప్పుడు ఖాళీగా ఉండే లైన్లలో ఖర్చు మోయలేనంత అవుతుంది. ఆ సంస్థ ఎక్స్‌ప్రెస్ వ్యాపారాన్ని 2022లో మహీంద్రా లాజిస్టిక్స్ కొనుగోలు చేసింది.

ఆర్టీసీ ఎందుకు అంత దూరంలో కనిపిస్తుంది

2025 నోటిఫికేషన్‌లో ఆర్టీసీ డ్రైవర్ పోస్టు స్కేలు 20,960 నుంచి 60,080. మొదటి అంకె చూస్తే లారీ ప్రకటనల కన్నా తక్కువ. అయినా పోస్టుల కోసం పోటీ ఉంటుంది. దాని మీద డీఏ, ఇంటి అద్దె భత్యం కలుస్తాయి, ఏటా ఇంక్రిమెంట్ పడుతుంది, తార్నాక ఆర్టీసీ ఆసుపత్రి ఉంటుంది, డ్యూటీ చార్ట్ ఉంటుంది. బస్సు డిపోలో బ్రేక్‌డౌన్ అయి నిలబడితే ఆ రోజు జీతం పోదు. లారీ డ్రైవర్‌కు సర్వీసు పెరిగే కొద్దీ జీతం పెరిగే నిచ్చెన లేదు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడికీ మూడేళ్లవాడికీ ట్రిప్పు రేటు ఒకటే.

చదువు, వయసు, ఎత్తు షరతుల వల్ల లారీ లైన్‌లో ఉన్నవాళ్లలో చాలామందికి ఆర్టీసీ తలుపు తెరుచుకోదు. కాబట్టి దాన్ని పోటీ ఉద్యోగంగా కాక కొలబద్దగా చూడటమే పనికొస్తుంది.

మనిషి ఆగినప్పుడు

సౌకర్యాలన్నీ సంస్థలో ఎంతమంది ఉన్నారన్న దాని మీద నడుస్తాయి. 20 మంది ఉంటే పీఎఫ్, 10 మంది ఉంటే ఈఎస్ఐ తప్పనిసరి. నాలుగు లారీల ఓనర్ రెండిటికీ అందడు. దేశంలో లారీల్లో సింహభాగం ఇలాంటి చిన్న ఓనర్లవే.

పీఎఫ్‌లో డ్రైవర్ నుంచి 12 శాతం, యజమాని నుంచి 12 శాతం. తప్పనిసరి పరిమితి 15,000 జీతం, అంటే 1,800 చొప్పున. చేతికొచ్చేది తగ్గుతుందని చాలామంది డ్రైవర్లు దీన్ని వద్దంటారు. యజమానీ వద్దనే కోరుకుంటాడు కాబట్టి ఇద్దరికీ మాట కుదురుతుంది. ఆ 1,800తో పాటు పోయేది ఇంకొకటుంది. పీఎఫ్ సభ్యుడు సర్వీసులో ఉండగా చనిపోతే ఈడీఎల్ఐ అనే బీమా పథకం కింద కుటుంబానికి 7 లక్షల దాకా వస్తుంది. డ్రైవర్ దీనికి విడిగా పైసా కట్టడు. పదేళ్ల సర్వీసు నిండితే పెన్షన్ అర్హత కూడా పీఎఫ్‌తోనే ముడిపడింది.

ఈఎస్ఐ పరిమితి 21,000 జీతం. డ్రైవర్ 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. సనత్‌నగర్, నాచారం ఈఎస్ఐ ఆసుపత్రుల్లో కుటుంబానికి వైద్యం దొరుకుతుంది. జబ్బు పడితే జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా వస్తుంది. పనిలో గాయమై మంచాన పడితే 90 శాతం. నాగ్‌పూర్ దగ్గరో సోలాపూర్ దగ్గరో ఒంట్లో బాగోలేకపోతే ఈఎస్ఐ డిస్పెన్సరీ వెతుక్కోవడం లారీ డ్రైవర్‌కు తేలిక కాదు. ఈఎస్ఐ ఫ్యాక్టరీ కార్మికుడికి అతికినట్టు లారీ డ్రైవర్‌కు అతకదన్నది నిజం.

ఈఎస్ఐ లేనివాళ్లకు 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం నుంచి వస్తున్న లెక్క ఉంది. చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసు ఫ్యాక్టర్‌తో గుణిస్తారు. 2020 నుంచి లెక్కలోకి తీసుకునే జీతం గరిష్ఠం 15,000. నలభై ఏళ్ల డ్రైవర్ ఫ్యాక్టర్ 184.17. అంటే 7,500ను దాంతో గుణిస్తే 13,81,275 రూపాయలు. ఇందులో తప్పు ఎవరిదన్న ప్రశ్న సాధారణంగా రాదు. డ్రైవర్ తానే బండిని చెట్టుకు గుద్దినా కుటుంబానికి హక్కు ఉంటుంది. బండి ఇన్సూరెన్స్ ఈ బాధ్యతను కవర్ చేస్తుంది కాబట్టి చిన్న ఓనర్ దగ్గర చేసేవాడికి కూడా దారి మూసుకుపోదు.

దారి మూసుకుపోయేది కాగితం దగ్గర. నగదు జీతం, చీటీ లేదు, బ్యాంకులో జమ లేదు. చనిపోయిన మనిషి ఆ బండి డ్రైవరేనా, జీతం ఎంత అన్నది నిరూపించడం కుటుంబం మీద పడుతుంది. జీతం బ్యాంకులో వేసే కంపెనీ, చేతికిచ్చే కంపెనీ ఒకే మొత్తం ఇస్తున్నా ఒకటి కాదు. గృహ రుణానికి వెళ్లినప్పుడూ ఈ తేడా తెలుస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం 2015లో ట్రాన్స్‌పోర్ట్ డ్రైవర్లకు 5 లక్షల ప్రమాద బీమా తెచ్చింది. ఎవరి దగ్గర పని చేస్తున్నారన్న దానితో దీనికి నేరుగా సంబంధం లేదు కాబట్టి కంపెనీల పోలికలో దీన్ని పక్కన పెట్టొచ్చు.

కోడ్‌లు ఎవరికి కలిసొస్తాయి

లారీ రంగంలో జీతం చీటీ ఉన్నచోట కూడా బేసిక్ తక్కువ, బత్తా ఎక్కువ. కొత్త వేతన కోడ్ దీని మీద ఒక పట్టు పెట్టింది. జీతంలో చేరని భత్యాలు మొత్తంలో 50 శాతం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలి.

నెలకు 30,000 వచ్చే డ్రైవర్‌కు బేసిక్ 9,000, భత్యాలు 21,000 అనుకుందాం. సగం 15,000. దాటిన 6,000 వేతనంలో కలుస్తుంది, వేతనం 15,000 అవుతుంది. పీఎఫ్ 1,080 బదులు 1,800. మానేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ ఐదేళ్ల సర్వీసుకు 15 రోజుల లెక్కన 25,960 చిల్లర బదులు 43,260 చిల్లర. చేతికొచ్చే డబ్బు నెలకు 720 తగ్గుతుంది కాబట్టి మొదట్లో డ్రైవర్లే సణగొచ్చు.

పేచీ బత్తా దగ్గర వస్తుంది. పనిలో అయ్యే ప్రత్యేక ఖర్చుకు ఇచ్చేది వేతనం కాదని కోడే చెబుతుంది. బత్తాలో రోడ్డు మీద తిండి ఖర్చు ఎంత, జీతం బదులు ఇచ్చేది ఎంత అన్నది విడదీయడం అంత తేలిక కాదు. కంపెనీలు బత్తాను బిల్లుల మీద ఇచ్చే ఖర్చుగా మార్చి చూపే అవకాశం ఉంది.

నియామక పత్రం ఇవ్వాలన్న నిబంధన, మానేసిన రెండు పని దినాల్లో లెక్క తేల్చి డబ్బు ఇవ్వాలన్న నిబంధన, ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ అర్హత – కాగితాలు నడిచే కంపెనీల్లో ఇవి నిజమైన మార్పులు. యాప్‌ల మీద నడిపేవాళ్ల కోసం అగ్రిగేటర్లు (ఆ యాప్ కంపెనీలు) టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం సామాజిక భద్రతకు కట్టాలన్న ఏర్పాటూ ఉంది.

రెండో వైపు అంతగా చర్చకు రాలేదు. 1961 చట్టం ఐదుగురు కార్మికులున్న ట్రాన్స్‌పోర్ట్ సంస్థకు కూడా వర్తించేది. దాని స్థానంలో వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో మోటార్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థకు గీత పది మంది దగ్గర గీశారు. ఐదు నుంచి తొమ్మిది మంది ఉన్న ఓనర్ల దగ్గర పని గంటల రక్షణ కనీసం చట్టంలోనైనా ఉండేది, ఇప్పుడు గీత వాళ్లను దాటిపోయింది. అమలు ముందు కూడా అంతంతమాత్రమే అనుకోవచ్చు. అయినా కోర్టుకు వెళ్లడానికి ఉన్న ఒక ఆధారం తగ్గింది.

అడ్వాన్స్

ప్రకటనల్లో ఇప్పుడు జీతం పక్కనే అడ్వాన్స్ కూడా కనిపిస్తుంది. చేరగానే ముప్పై వేలో యాభై వేలో ఇస్తారు. బిడ్డ పెళ్లికో స్కూలు ఫీజుకో అక్కరకొచ్చే డబ్బు అది, బ్యాంకు ఇవ్వని డబ్బు. కాబట్టి దాన్ని సౌకర్యంగానే లెక్కేస్తారు. నెలనెలా ట్రిప్ షీటులో కొంత కొంత తీసుకుంటారు. మధ్యలో మానేయాలంటే బాకీ తీర్చాలి, లేదా కొత్త ఓనర్ ఆ బాకీ కట్టి తీసుకుపోవాలి. డ్రైవర్ల కొరత పెరిగే కొద్దీ జీతం పెంచడం కన్నా అడ్వాన్స్ పెంచడం ఓనర్లకు సులువు, ఎందుకంటే అడ్వాన్స్ తిరిగొస్తుంది.

అమెరికాలో లారీ కంపెనీలు కొత్త డ్రైవర్‌కు సైన్-ఆన్ బోనస్ ఇస్తామని ప్రకటిస్తుంటాయి. అది చాలాచోట్ల వాయిదాల్లో వస్తుంది, మధ్యలో మానేస్తే మిగతాది పోతుంది. రూపం వేరైనా పని ఒకటే. అక్కడా లాంగ్ రూట్ డ్రైవర్లకు ఎక్కువగా మైలుకు ఇన్ని సెంట్లని కడతారు. గోదాము దగ్గర ఆగిన గంటల మీద గొడవ అక్కడా ఉంది. ఒక తేడా: అక్కడ 14 గంటల డ్యూటీలో 11 గంటలకు మించి నడపకూడదు, 2017 డిసెంబర్ నుంచి బండిలోని ఎలక్ట్రానిక్ పరికరమే ఆ గంటలు రాస్తుంది. పరికరం మన బండ్లలోనూ ఉంది, దాంతో గంటలు రాయాలన్న నిబంధనే లేదు.

కొరత ఉన్నా జీతం ఎందుకు కదలదు

డ్రైవర్లు దొరకడం లేదని ఓనర్లందరూ అంటారు. దొరకని సరుకు ధర పెరగాలి కదా. ఇక్కడ పెరగకపోవడానికి కారణం కిరాయి. లారీ ఖర్చులో డీజిల్‌దే పెద్ద వాటా, తర్వాత ఈఎంఐ, టోల్, టైర్లు, ఇన్సూరెన్స్. వీటిలో దేన్నీ ఓనర్ బేరమాడలేడు. కిరాయి బ్రోకర్ ఆఫీసులో ఆ పూట ఎన్ని బండ్లు ఖాళీగా ఉన్నాయన్న దాని మీద తేలుతుంది. బిగించడానికి వీలైన మర ఒక్కటే మిగులుతుంది, డ్రైవర్ డబ్బు.

2018 ఇందులో పెద్ద మలుపు. జులైలో యాక్సిల్ (ఇరుసు) లోడు పరిమితి పెంచారు. 25 టన్నుల మూడు యాక్సిల్ బండికి 28.5 టన్నులు అనుమతించారు. ఒక్కో బండి మోసేది పెరిగింది, అదే సరుకుకు తక్కువ బండ్లు సరిపోయాయి, కిరాయిలు ఒత్తిడిలో పడ్డాయి. అదనపు టన్నులకు డ్రైవర్ ట్రిప్పు రేటు పెరగలేదు. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధనను కూడా అదే ఏడాది తీసేశారు. కొన్ని లైన్లలో క్లీనర్ కూడా తగ్గిపోయాడు. పట్టా కట్టడం, రివర్స్‌లో వెనక చూడటం, రాత్రి డీజిల్ ట్యాంకుకు కాపలా, అన్నీ డ్రైవర్ పనుల్లో చేరాయి. ఒక్కడే వెళ్లే ట్రిప్పుకు కొంత అదనం ఇచ్చే కంపెనీలున్నాయి, ఇవ్వనివీ ఉన్నాయి. 30 వేల ప్రకటనలో ఈ సంగతి కనబడదు.

ఇక ఏసీ క్యాబిన్. మే నెలలో ఇంజన్ వేడి మీద కూర్చుని నడిపే మనిషికి ఇది చిన్న విషయం కాదు. నిద్ర మత్తు తగ్గి ప్రమాదాలు తగ్గుతాయన్నది నిబంధన వెనకున్న ఆలోచన. పాత బండ్లకు ఇది వర్తించదు కాబట్టి, కొత్త బండ్లు త్వరగా కొనే పెద్ద కంపెనీలకు డ్రైవర్లను ఆకర్షించడంలో కొన్నేళ్లు ఆధిక్యం ఉంటుంది. ఏసీ నడవాలంటే డీజిల్ కావాలి. ట్రిప్ షీటులో మైలేజీ టార్గెట్ పాత మూడున్నర దగ్గరే ఉంటే, ఏసీ తాగిన లీటర్లూ కోతలోకే వెళ్తాయి. గోదాము ముందు ఎండలో నిలబడినప్పుడు ఏసీ కావాలంటే ఇంజన్ ఆన్‌లో పెట్టాలి. బండి ఒక్క కిలోమీటరు కూడా కదలకుండా డీజిల్ తాగుతుంది. కాబట్టి ఏసీ బండి ఇస్తామనే కంపెనీని డ్రైవర్ అడగాల్సింది, టార్గెట్ మూడున్నర నుంచి ఎంతకు దించారని.